ఒక్క లైనులో సిరోసిస్

పన్నెండింటికి పిలుస్తామన్నారు, ఇప్పుడు పదకొండూ అయిదు, అంటే యాభై అయిదు నిమిషాలు, ఈలోపు ఒళ్లో ఉన్న ఈ కాగితం మీద సంతకం పెట్టాలో వద్దో నేను తేల్చుకోవాలి. నాలుగు పేజీలు. చివరి పేజీ అడుగున చుక్కల గీత, దాని కింద 'దాత' అని అచ్చు. దాతనట, నా మొహం. నా కాలేయంలో అరవై పాళ్లు కోసి తీసి తమ్ముడి పొట్టలో పెడతారు, నాకు మిగిలిన నలభై పాళ్లూ మూడు నెలల్లో మళ్లీ నిండుగా పెరుగుతాయని డాక్టరమ్మ చెప్పింది, జుట్టు కత్తిరిస్తే పెరగదూ అన్నంత తేలిగ్గా చెప్పింది, మూడు వందల మంది దాతల్లో ఒకరు బల్ల మీంచి లేవరని కూడా చెప్పింది, ఆ ముక్క మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చెప్పింది. రెండో పేజీలో 'కాలేయము యొక్క కుడి భాగమును' అని ఉంది, యొక్క ఎందుకు, కాలేయం కుడి భాగం అంటే చాలదూ, పెన్సిలు తీసి యొక్కని కొట్టేశాను. ఇరవై ఆరేళ్ల అలవాటు. నా చావు సర్టిఫికెట్టు నాకే చూపిస్తే అందులోనూ తప్పులు దిద్దుతానని తమ్ముడి ఎగతాళి. వాడు ఈ వరండా చివర మలుపు తిరిగితే మూడో గదిలో ఉన్నాడు, అమ్మా మరదలూ వాడి దగ్గరున్నారు. కాస్త ఆలోచించుకోవాలి అని చెప్పి నేనొక్కదాన్నే వచ్చి డాక్టరమ్మ గది బయట ఈ నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను, ఆలోచించడానికేముంది అన్నట్టు అమ్మ చూసింది. నిజమే, ఏముంది? ఉన్నది ఒక్క తమ్ముడు. నలభై మూడేళ్లు. వాడి కూతురు తొమ్మిదో తరగతి.

సిరోసిస్. వాడి జబ్బు పేరు అది. ఆ మాట గురించి నాకు తెలిసినంత ఈ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు, గొప్పలు పోవడం కాదు, అది నా ఉద్యోగం. వైద్య పదాల నిఘంటువు వేసే ఆఫీసులో నేను 'స' అక్షరం మనిషిని. ఒక్కో మాటకి ఒక్కో అట్ట కార్డు, ముందువైపు అర్థం, వెనకవైపు పుట్టుపూర్వోత్తరాలు. చేరిన కొత్తలో రాసిన మొదటి వంద కార్డుల్లో ఈ కార్డు ఉంది, నా చేతిరాత అప్పుడు ఎంత గుండ్రంగా ఉండేదో. గ్రీకులో కిర్రోస్ అంటే ఒక రంగు, పసుపూ కాదు గోధుమా కాదు, రెండూ కలిసి కాస్త మాడినట్టుండే రంగు. రెండు వందల ఏళ్ల కిందట ఒక డాక్టరు గుండె చప్పుళ్ల మీద, ఊపిరితిత్తుల మీద లావుపాటి పుస్తకం రాస్తూ, చనిపోయిన ఒక రోగిని కోసి చూస్తే కాలేయం కుదించుకుపోయి, నిండా ఆ రంగు గింజలతో కనిపించింది, దానికి అప్పటిదాకా సరైన పేరు లేదు, రంగుని బట్టి ఇలా పిలుద్దామని పేజీ అడుగున సన్నక్షరాల్లో రాసి, మళ్లీ తన ఊపిరితిత్తుల గోలలో పడిపోయాడు. ఆ గింజలు కొత్తగా మొలిచిన గడ్డలనుకున్నాడట, అదీ తప్పే, చచ్చింది చావగా మిగిలిన కాలేయం మచ్చల మధ్య అలా ముద్దలు కడుతుంది. మనిషి పొరబడ్డాడు, మాట మాత్రం నిలబడిపోయింది. ఎంత వెతికినా ఆ మాటలో తాగుడు లేదు, సీసా లేదు, ఉత్త రంగు. ఆ రంగుకి తెలుగు మాట కోసం నేను వారం తిరిగాను, కపిల వర్ణం అంటే ఎవరికి తెలుస్తుంది, గోరోజనం అంటే మొహం తేలేస్తారు, చివరికి రంగుల కొట్టుకెళ్లి షేడ్ కార్డు తిరగేస్తుంటే "హాలుకా మేడం, బాత్రూముకా?" అన్నాడు కొట్టతను. కాలేయానికి అన్నాను. అతను కార్డు ఆఖరి దాకా చూసి "అది మా కంపెనీలో రాదండీ" అన్నాడు. ఈ సంగతి చెబితే తమ్ముడు పడీపడీ నవ్వాడు, అప్పుడు వాడికి పదిహేడేళ్లు, లిఫ్టుల కంపెనీలో అప్రెంటిసుగా చేరి రెండు నెలలు, గోళ్ల నిండా గ్రీజు. మాగిన తేనె రంగు అని రాసుకున్నాను కార్డు మీద. పోయిన వేసవిలో వాడి కళ్లు పచ్చబడ్డప్పుడు ఏ రంగో చూడకూడదనుకుంటూనే చూశాను.

ఎదురుగా గోడకి టీవీ, చప్పుడు తీసేశారు, ఎవరో ఇల్లు కట్టుకోవడం ఎలాగో చెబుతున్నారు. తుడిచే ఆవిడ నా కాళ్ల దాకా వచ్చి ఆగింది, కాళ్లు ఎత్తాను, ఎత్తిన కాళ్లతో కూర్చుంటే పొట్టలో కుడివైపు సూది పోటు, మొన్న అక్కడినుంచే చిన్న ముక్క తీశారు పరీక్షకి. ఇక్కడే కదా ఉంటుంది. నలభై తొమ్మిదేళ్లు అది అక్కడుందన్న ధ్యాసే లేదు. మనకి బాధొస్తే గుండె చెరువవుతుంది, కోపమొస్తే కడుపు మండుతుంది, పిల్లల మీద ప్రేమ కూడా కడుపుదే, పాపం కాలేయానికి ఒక్క మాటా మిగల్చలేదు మనవాళ్లు, గొడ్డు చాకిరీ చేస్తుంది, నోరెత్తదు, మూడొంతులు పాడైపోయేదాకా నొప్పి అని కూడా అనదు. అచ్చం తమ్ముడే. వాడు కూడా అంతే, ఏమైందిరా అంటే ఏం లేదక్కా కాస్త నీరసం అన్నాడు, కాళ్లు వాచి చెప్పులు పట్టకపోతే ఎండకి అన్నాడు.

కార్డు మీద అర్థం సరిగ్గానే రాశాను. ఆ మాట నేను ఎక్కడైనా చెప్పగలను. కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు, కారణాలు ఏమిటంటే తాగుడు, కొన్ని వైరస్‌లు, కొవ్వు పేరుకోవడం, పుట్టుకతో వచ్చే లోపాలు, ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు. అయిదు లైన్లు. పెద్ద నిఘంటువులో అయిదు లైన్లూ పడ్డాయి. కానీ ఆ నిఘంటువు మూడున్నర కిలోలుంటుంది, ఎవరు మోస్తారు, అందుకని జేబులో పట్టేది వేద్దామన్నాడు మా సంపాదకుడు, మేమంతా పెద్దాయన అనేవాళ్లం. "మాటకి ఒక్క లైను. రెండో లైను కావాలంటే నా దగ్గరికొచ్చి ఏడవండి" అన్నాడు. స అక్షరంలో నాకు మూడు వందల లైన్లు ఎక్కువొచ్చాయి. పెన్సిలు పట్టుకుని కూర్చుని కోశాను, కసాయి పని, చర్మం మీద మాటలు కోశాను, శ్వాస మీద మాటలు కోశాను, ఇది కోశాను. సిరోసిస్: తాగుడు వల్ల కాలేయం గట్టిపడే జబ్బు. అయిదు లైన్లు అయిదు మాటలయ్యాయి. పెద్దాయన చదివి "అర్థమంటే ఇదమ్మా, చదివితే దెబ్బకి బుర్రకెక్కాలి" అన్నాడు, ఆ రోజంతా గాల్లో తేలాను, ఇరవై ఏడేళ్లదాన్ని, పొగిడితే చాలు. పుస్తకం వేడి వేడిగా అమ్ముడుపోయింది. ఆఫీసుల్లో, మందుల షాపుల్లో, నర్సింగు పిల్లల సంచుల్లో ఎక్కడ చూసినా అదే.

మూడో ముద్రణ అయ్యాక ఒక నర్సు ఉత్తరం రాసింది. గీతల కాగితం మీద నీలం సిరా. మా వార్డులో ఈ జబ్బుతో పదకొండేళ్ల పిల్ల ఉంది, మీ పుస్తకం ప్రకారం ఆ పిల్ల తాగుబోతా అండీ, అని. చదవగానే చెంప మీద కొట్టినట్టయింది. పట్టుకెళ్లి పెద్దాయనకి చూపించాను, ఆయన కళ్లజోడు పైకి నెట్టి "ఒక లైను పెరిగితే పేజీ జరుగుతుంది, పేజీ జరిగితే ఫారమంతా జరుగుతుంది, వచ్చే ముద్రణకి చూద్దాంలే" అన్నాడు. అచ్చులో ఫారం అంటే పదహారు పేజీల కాగితం, ఒకటి కదిలితే పదహారూ కదులుతాయి, నిజమే. కానీ లైను పెరిగేది కాదు. 'తాగుడు వల్ల' తీసేసి 'మచ్చలు కట్టి' అని పెడితే అదే లైను, ఒక్క అక్షరం కూడా ఇటూ అటూ కాదు. ఆ సంగతి ఆయన గదిలో నిలబడ్డప్పుడే నాకు తట్టింది. ఎందుకు అనలేదు? పొగిడిన మనిషి ముందు తప్పని ఒప్పుకోవడం ఇష్టం లేక. అంతే, అంతకన్నా పెద్ద కారణం లేదు, ఉంటే బాగుండేది. ఉత్తరాన్ని 'వచ్చే ముద్రణకి' అన్న ఫైల్లో పెట్టాను. పెద్దాయన పోయాడు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. నా హయాంలో ఇంకో మూడు ముద్రణలు. ఆ ఫైలు ఎడమవైపు అలమారలో రెండో అరలోనే ఉంది, దుమ్ము దులుపుతారు కూడా.

పదకొండూ ఇరవై. లిఫ్టు ఈ అంతస్తులో ఆగినప్పుడల్లా తలుపు గీరుకుంటోంది. నిన్న తమ్ముడు మంచం మీదినుంచే విని రోలరు అరిగిందక్కా, వీళ్లకెవరైనా చెప్పండి అన్నాడు, పొట్ట నిండా నీరు, గొంతులో ఊపిరి అందడం లేదు, వీడికి రోలరు కావాలి. పద్దెనిమిదో అంతస్తు ఎత్తున లిఫ్టు గోతిలో తాడుకి వేలాడి పనిచేసేవాడు, కిందికి చూడవేంట్రా అంటే చూస్తే పని ఎవరు చేస్తారు అనేవాడు. నాకేమో స్టూలెక్కితే కళ్లు తిరుగుతాయి, పెళ్లి కూడా ఎత్తుగా ఉంటుందనే చేసుకోలేదని వాడే ఊరంతా చెప్పాడు. పోయిన వేసవిలో వాడి స్కాను కాగితంలో సిరోసిస్ అన్న మాట వచ్చింది. క్లినిక్కులో డాక్టరు మందు అలవాటుందా అని అడిగాడట, లేదంటే నవ్వాడట. మర్నాడు కంపెనీ సేఫ్టీ ఆఫీసరు కాగితం చూసి, డ్రాయరు లాగి, చిన్న పుస్తకం తీశాడట, అది చూసి మావాడు ఉబ్బిపోయి "సార్, అది మా అక్కదండీ, మా అక్క రాసిందే" అన్నాడట. ఆయన పేజీ తిప్పి పైకి చదివాడు. ఇది నాకు వాడే చెప్పాడు, ఇంటికొచ్చి, నీ పుస్తకం మా ఆఫీసులో కూడా ఉందక్కా అని సంతోషంగా మొదలెట్టి, చివరికొచ్చేసరికి గొంతు సన్నబడిపోయింది. ఆ వారంలోనే గోతుల్లో దిగడానికి వీల్లేదన్నారు, ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు, ఇంకో నెలకి అదీ వద్దన్నారు. ఇంట్లో నేనే సంతకం పెట్టి ఇచ్చిన కాపీ ఉంది, మరదలు అది తెరిచి చదువుకుని, పాపని తీసుకుని వాళ్ల అన్నగారింటికి వెళ్లిపోయింది. అమ్మ ఏడ్చింది, ఎవరు నేర్పార్రా నీకు, ఎన్నాళ్లనుంచిరా అని. వాడు తాగలేదమ్మా అన్నాడు, ఒక్కసారి కాదు, ఆ వేసవంతా అదే మాట, తాగలేదమ్మా, ఎప్పుడూ ముట్టలేదమ్మా, ప్రమాణం చేస్తా, ఏ తాగుబోతైనా అదేగా చెప్పేది అంది అమ్మ.

అయిదు కారణాలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే ఆ ఇంట్లో. నేనేం చేశాను? నమ్మానా? ఒట్టు, ఇప్పటికీ నాకే తెలియదు. రిపేర్లకి పోయి వచ్చినప్పుడు వాడి కళ్లు ఎర్రగా ఉండేవని గుర్తు చేసుకున్నాను, ఒకసారి పెళ్లిలో స్నేహితులతో మేడ మీద ఎక్కువసేపున్నాడని గుర్తు చేసుకున్నాను, కావాలనే ఏరుకుని ఏరుకుని గుర్తు చేసుకున్నాను. వాడు తాగుతాడనుకుంటే నా లైను తప్పు కాదు. ఎంత హాయి. తమ్ముడు తాగుబోతైతే అక్క మంచి సంపాదకురాలు. మద్యం మాన్పించే కేంద్రం నంబరు సంపాదించింది నేనే, కారులో తీసుకెళ్లిందీ నేనే. గేటు దగ్గర వాడి బెల్టు, తాళాలు, ఫోను తీసుకుని సంచిలో వేసి చీటీ రాస్తుంటే వాడు నా వైపు తిరిగి, "అక్కా, దగ్గు మందులో కొంచెం ఉంటుందంట కదా. చిన్నప్పుడు నాకు తెగ పట్టేవాళ్లు కదా. దానివల్లేమో" అన్నాడు. ఛీ, ఇది తలుచుకోకూడదు, తలుచుకుంటే ఈ కుర్చీలోంచి లేవలేను. నా మీద కోపం కాదు, నా పుస్తకం మీద అనుమానం కాదు, నేను రాశాను కాబట్టి అది తప్పయి ఉండదని, తన ఒంట్లోనే ఎక్కడో ఆ తాగుడు దాక్కుని ఉండాలని వెతుక్కుంటున్నాడు వెధవ. ఏమో రా, ఉండొచ్చు అన్నాను. ఉండొచ్చు అన్నాను! గేటు మూశారు.

నలభై ఒకటో రోజు ఫోన్ వచ్చింది, రక్తం కక్కుకున్నాడని. అప్పుడు ఈ ఆసుపత్రి, ఈ డాక్టరమ్మ. అన్ని పరీక్షలూ చూసి తల ఎత్తి "తాగుడని ఎవరు చెప్పారండీ? ఇది కొవ్వు వల్ల వచ్చింది. ఎప్పటినుంచో లోపల పేరుకుంటూ వచ్చింది" అంది. గదిలో అందరం ఉన్నాం, కబురు తెలిసి మరదలు పరిగెత్తుకొచ్చింది అప్పటికి. వాడు మంచం మీదినుంచి "మా అక్క పుస్తకంలో ఉందండీ" అన్నాడు, ఎవరిమీదా నేరం మోపినట్టు కాదు, దారి చెప్పినట్టు. పాత పుస్తకాలు అంతేలెండి అంది డాక్టరమ్మ, అయ్యో పాపం, నాకు తాడు విసిరింది, పట్టేసుకున్నాను, అవునండీ అప్పటి సైన్సుకి అంతవరకే తెలుసు అన్నాను. అప్పటి సైన్సుట! ఆ నర్సుకి తెలుసు. పదకొండేళ్ల పిల్లకి తెలుసు. నా కార్డుకి తెలుసు. మరదలు వాడి కాళ్ల మీద తల పెట్టి ఏడుస్తుంటే నేను కిటికీ దగ్గరికెళ్లి పార్కింగులో కార్లు లెక్కపెట్టాను. ఆరు నెలల ముందు తెచ్చుంటే మందులతో లాక్కొచ్చేవాళ్లం, ఇక మార్చడమే అంది డాక్టరమ్మ. మరదలి రక్తం గ్రూపు కలవలేదు, అమ్మకి డెబ్బై నాలుగు, చనిపోయినవాళ్ల కాలేయం కోసం లిస్టులో పేరు రాస్తే వంతు ఎప్పటికొస్తుందో, వాడికి అంత టైము ఉందో లేదో. నాది కలిసింది.

నిన్న డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి తలుపేసింది. "ఎవరైనా బలవంతం చేస్తున్నారా మిమ్మల్ని?" లేదన్నాను. "ఎందుకిస్తున్నారు?" తమ్ముడండీ అన్నాను, ఇదేం ప్రశ్న అన్నట్టు. ఆవిడ పెన్ను మూసి, "మీరు ఆఖరి నిమిషంలో వద్దన్నా పరవాలేదు. మీ వాళ్లకి మీరు వద్దన్నారని చెప్పం. సరిపోలేదు అని మాత్రం చెప్తాం. కారణం అడిగినా చెప్పం. ప్రతి దాతకీ ఈ మాటిస్తాం" అంది. అప్పటినుంచీ ఆ సరిపోలేదు నా వెంటే తిరుగుతోంది. ఎంత మంచి మాట, ఒక్క లైను కూడా అక్కర్లేదు. చావంటే భయం నాకు, ఎందుకు దాచుకోవాలి, మూడు వందల్లో ఒకరంటే ఈ వరండాలో కూర్చున్నవాళ్లని లెక్కపెడుతున్నాను, ఇరవై రెండు మంది, ఇలాంటివి పద్నాలుగు వరండాలు, అందులో ఒక్కరు, ఆ ఒక్కరు ఖాయంగా నేనే అనిపిస్తోంది. రిటైరయ్యాక ఏదో చేద్దామనుకున్నాను. ఏం చేద్దామనుకున్నానో ఇప్పుడు గుర్తు రావడం లేదు గానీ చేద్దామనుకున్నాను. ఇప్పుడు లేచి ఆవిడ చెవిలో వద్దు అంటే చాలు, బయటికొచ్చి తల వేలాడేస్తే చాలు, నీ తప్పేముందిలేమ్మా అని అమ్మే వీపు నిమురుతుంది.

మరి అలా అననప్పుడు ఎందుకిస్తున్నాను? పదకొండూ నలభై. ఇక్కడ మనవాళ్లెవరూ లేరు, నాకు నేను చెప్పుకోవచ్చు. ముక్క ఇచ్చేస్తే మాట చెప్పక్కర్లేదు. అదీ సంగతి. పొట్ట మీద ఇంత పొడుగు కుట్లు చూపిస్తే ఇంక ఆ కార్డు గురించి, ఉత్తరం గురించి, రెండో అరలో ఫైలు గురించి ఎవరు అడుగుతారు నన్ను, అక్కంటే అలా ఉండాలి అంటారు, వాడు జన్మంతా నాకు దణ్ణం పెడతాడు, నేను పెట్టించుకుంటాను. అరవై పాళ్ల కాలేయం కోసి ఇవ్వడం తేలికట నాకు, తప్పు చేశాన్రా అన్న ఒక్క ముక్క కష్టమట. అబ్బ, ఏం మనిషిని. అయినా సరే, వాడికి కావలసింది నా నిజాయితీ కాదు కదా, కాలేయం కదా, బతికాక చూసుకోవచ్చు మిగతావి, ఎందుకిచ్చానో తెలిస్తే ముక్క పనిచేయడం మానేస్తుందా? పెన్సిలు జేబులో పెట్టి పెన్ను తీశాను. సంతకం నాది కాదేమో అన్నట్టు వచ్చింది, గుండ్రంగా, కొత్తలో రాసినట్టు. పెట్టేశాక ఏడుపొచ్చింది, భయమో, సంతోషమో, దాన్ని విడదీసి అర్థం రాయమంటే నా వల్ల కాదు. తుడిచే ఆవిడ దాటిపోతూ ఏమీ కాదులెండమ్మా అంది, అందరికీ అదే చెబుతుందేమో.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగానే పిలిచారు. కాగితం బల్ల మీద పెట్టాను, డాక్టరమ్మ దాన్ని చూడలేదు, దాని మీద చెయ్యి పెట్టి నా వైపు వెనక్కి జరిపింది. "దీని అవసరం లేదండీ. మీది తీసుకోలేం." నాకర్థం కాలేదు. నేను వద్దనలేదండీ, సంతకం పెట్టాను, చూడండి అన్నాను. "తెలుసండీ. మొన్న తీసిన ముక్క రిపోర్టు వచ్చింది. నలభై అయిదు శాతం కొవ్వుంది. మచ్చ కట్టడం కూడా మొదలైంది. మీ తమ్ముడు నడిచిన దారే, మీరింకా మొదటి మెట్టు మీదున్నారు. జాగ్రత్తపడితే వెనక్కి తిప్పొచ్చు, ఆయనకి దొరకని టైము మీకు దొరికింది." గోడ మీద కాలేయం బొమ్మ ఉంది, ఎర్రగా, నిగనిగలాడుతూ, ఒక్క గింజ లేకుండా. నేనెప్పుడూ తాగలేదండీ అన్న మాట వినపడింది, అన్నది నేనే. ఆవిడ ఆశ్చర్యంగా చూసి "నేను అడగలేదు కదండీ" అంది. లేదు, అడగలేదు, కానీ ఇంకోసారి చెప్పాలనిపించింది, ప్రమాణం చేసి చెప్పాలనిపించింది. "తమ్ముణ్ణి లిస్టులో పైకి జరపమని రాస్తున్నాను. బయట మాత్రం సరిపోలేదు అనే చెప్తాను, మీకేముందో చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం" అంటూ ఆవిడ లేచింది. నా చేతిలో నాలుగు పేజీలు, సంతకంతో సహా, దేనికీ పనికిరావు. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేం మిగిలింది?

మలుపు దగ్గరే ఉన్నారు ముగ్గురూ, ఆగలేక వచ్చేసినట్టున్నారు, వాడు చక్రాల కుర్చీలో, వెనక మరదలు, పక్కన అమ్మ. నా మొహం చూడగానే మరదలికి తెలిసిపోయింది, "సరిపోలేదా వదినా?" అంది, ఎంత మెల్లగా అందో. అవునని తల ఊపితే అయిపోయేది. "నాకూ అదే ఉంది" అన్నాను. "వాడికొచ్చిందే నాకూ మొదలైంది. వాడు ఎప్పుడూ తాగలేదు, నేనూ తాగలేదు. పుస్తకంలో ఆ లైను తప్పు. పాత సైన్సు కాదు, నేను కోసేసి రాశాను. తప్పని ఒక నర్సు ఉత్తరం రాసింది, పదిహేనేళ్లయింది, తెలిసే దిద్దలేదు. కేంద్రానికి తీసుకెళ్లినప్పుడు కూడా తెలుసు నాకు." వరండాలో జనం తిరిగి చూస్తున్నారు. మరదలు కుర్చీ పిడి వదిలేసి నా వైపు చూసింది, ఆ చూపు నాకు రావలసిందే, తలొంచుకోలేదు. తమ్ముడు ఇదంతా విన్నాడో లేదో, రెండు చేతులూ ఆనించుకుని కుర్చీలోంచి లేవబోతున్నాడు, పొట్ట బరువుకి ఒకసారి కూలబడి మళ్లీ లేచాడు, "నువ్వు ముందు కూర్చోవే అక్కా, నీకు బాలేదంటున్నావు కదా" అన్నాడు. నిలబడ్డాడు, గోడ పట్టుకుని, కుర్చీ నాకేసి తోశాడు. నేను కూర్చోలేదు. అమ్మ అడుగులో అడుగేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది, భుజం మీద చెయ్యి వేసింది, దగ్గరికి తీసుకుంటుందనుకుని నేను వంగాను. ఆవిడ మొహం నా మొహానికి ఆనేంత దగ్గరగా తెచ్చి, కళ్లు మూసుకుని, నా నోటి దగ్గర వాసన చూసింది. నేను కదల్లేదు, నోరు తెరిచి ఊపిరి వదిలాను.